సోమసూత్రం దాటిన నీరు

శివాభిషేకం జరిగేటప్పుడు పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టడం మన గుడిలో మొదటినుండీ ఉన్న అలవాటు. కొన్నేళ్ళ క్రితం ఒక సోమవారం సాయంత్రం ఏడెనిమిదేళ్ళ పాప ఒకతె లింగం మీదినుండి జారుతున్న పాలధారను చాలాసేపు చూసి, "ఈ పాలన్నీ ఎక్కడికి పోతాయి?" అని అడిగింది. మాలో ఒకరు "స్వామి స్వీకరిస్తారమ్మా" అన్నారు. ఇంకొకరు "తీర్థం అవుతుంది" అన్నారు. పాపకు తృప్తి కలగలేదు. పానవట్టం కింద నేలలో ఉన్న జాలీ వైపు వేలు చూపి, "అక్కడినుండి ఎక్కడికి?" అంది. మాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి మనసు రాక, పూజలో మాట్లాడకూడదని చెప్పి ఆమెను ఊరుకోబెట్టాము.

మేమంటే గుడి వంటశాలలో సేవచేసే పది పన్నెండు మందిమి. ఇటీవల కొత్తగా వస్తున్న కుటుంబాలవారు, ఇక్కడ ఒక్కొక్క ఇంటినుండి ఉగ్గుగిన్నెడు పాలే ఎందుకు తీసుకుంటారని అడుగుతున్నారు. కొందరు నొచ్చుకుంటున్నారు కూడా. దాని వెనుక ఉన్న కథను ఒకసారి పూర్తిగా వ్రాసి ఉంచితే మంచిదని కార్యవర్గంవారు కోరగా ఈ వ్యాసం వ్రాస్తున్నాము. ఇందులో మాకు గౌరవం తెచ్చే విషయాలు తక్కువ.

మన గుడి ఉన్న ఊరు ఎంత చిన్నదో అందరికీ తెలుసు. మొక్కజొన్న, సోయా చేల మధ్య తొమ్మిది వందలమంది కూడా లేని పల్లె. నగరంలో స్థలం కొనలేక ఇక్కడికి వచ్చాము. మొదట సెప్టిక్ ట్యాంకు పెట్టుకుందామనుకొని మట్టిని పరీక్ష చేయించాము. బంకమట్టి, నీటిని ఇంకనివ్వదు. ఊరి కౌన్సిలువారిని అడిగితే, తమ మురుగు గొట్టాన్ని మన స్థలం వరకు పొడిగించుకోవడానికి ఒప్పుకున్నారు. ఆనాడు టౌన్ హాలులో వారికి మనం లడ్డూలు పంచిన ఛాయాచిత్రం ఇప్పటికీ కార్యాలయంలో ఉంది. ఆ గొట్టం రెండవ కొస ఎక్కడ తేలుతుందో చూసి వద్దామని మాలో ఏ ఒక్కరికీ తోచలేదు.

ఆ సంవత్సరం మహాశివరాత్రికి చలి విపరీతంగా ఉంది. అయినా నాలుగు యామాల అభిషేకానికీ జనం కదలకుండా కూర్చున్నారు. ఇంటికొక గ్యాలను చొప్పున పాలు వచ్చాయి. లింగోద్భవ కాలానికి నూరు గ్యాలన్లు దాటాయి. పెరుగు, తేనె, నెయ్యి, చక్కెర వేరు. మరునాడు పారణకు మూడు వందలమందికి పొంగలి, పులిహోర, పాయసం వండాము. సాయంత్రం గంగాళాలన్నీ మరిగే నీళ్ళతో కడిగి, తళతళలాడేలా బోర్లించి ఇళ్ళకు వెళ్ళాము. వేడినీళ్ళకు నెయ్యి కరిగిపోతుంది. గిన్నె శుభ్రపడితే పని ముగిసిందనుకుంటాము. కాని చలికాలంలో గొట్టాలలో నీరు చల్లగా ఉంటుంది. కొంత దూరం పోయేసరికి కరిగిన నెయ్యి మళ్ళీ పేరుకుంటుంది.

ఆ రాత్రి మంచు కురిసింది. తెల్లవారాక మాలో ఒకరికి ఫోను వచ్చింది. మాట్లాడినది ఊరి మురుగు వ్యవస్థను చూసే ఆపరేటరు. ఈ ఊరిలో ఆ ఉద్యోగం ఒక్కరిదే. మంచినీటి బావి, మురుగు, రోడ్ల మీది మంచు, శ్మశానంలో గడ్డి, అన్నీ ఆయనే చూస్తారు. పంపు ఆగినట్లు హెచ్చరిక దీపం వెలిగిన సమయానికి ఆయన నాగలిబండితో రోడ్ల మీది మంచు తోస్తున్నారట.

మురుగు సాధారణంగా పల్లానికి తనంతట తానే ప్రవహిస్తుంది. మన గుడి పల్లంలో ఉంది కనుక, ఇక్కడినుండి పోయే మురుగును ఒక లోతైన గోతిలో చేర్చి, పంపుతో పైకి తోడుతారు. దానిని లిఫ్ట్ స్టేషన్ అంటారు. గోతిలో ఒక బెండు తేలుతూ ఉంటుంది. మురుగు పెరిగితే బెండు లేస్తుంది, పంపు నడుస్తుంది. మేము వెళ్ళేసరికి ఆయన మూత తెరిచి, ఆ బెండును కొక్కెంతో పైకి లాగి మంచు మీద పెట్టారు. దాని చుట్టూ గుమ్మడికాయంత తెల్లని ముద్ద పట్టుకొని ఉంది. ఆ బరువుకు అది లేవలేదు. ముద్దలో అన్నం మెతుకులు, జీడిపప్పు పలుకులు, పసుపుపచ్చని చామంతి రేకులు కనిపించాయి. ఇది ఎవరిదని ఆయన అడగలేదు. అడగవలసిన పనీ లేదు.

తోడని మురుగు వెనక్కు తన్ని, ఆ వరుసలో అన్నిటికంటె పల్లంలో ఉన్న ఇంటి బేస్‌మెంటులోకి పొంగింది. అక్కడ భర్తను పోగొట్టుకొన్న ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉంటారు. మేము నలుగురం చేతితొడుగులు వేసుకొని ఆ రోజంతా తివాచీలు, అట్టపెట్టెలు బయటికి మోశాము. ఒక పెట్టెలో ఆమె భర్త సైన్యంలో ఉన్నప్పుడు వ్రాసిన ఉత్తరాలున్నాయి. ఒక్కొక్కటి విడదీసి ఆరబెట్టాలని చూశాము. సిరా కరిగి కాగితమంతా నీలిరంగు పాకింది. ఆమె కోపపడలేదు. "మీరు రావడం మంచిదైంది" అన్నారు. ఒక తిట్టు తిట్టి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది.

మరుసటి వారం ఆపరేటరుగారు మమ్మల్ని ఊరి చివర ఉన్న కుంటల వద్దకు తీసుకొనివెళ్ళారు. పెద్ద యంత్రాలు, ఎత్తైన తొట్లు ఉంటాయనుకున్నాము. చుట్టూ గట్టు, కంచె, మంచు కప్పిన మూడు కుంటలు, ఒక చిన్న గది, అంతే. మన పల్లెల్లో పశువులు దిగే ఊరకుంటను ఎవరో కొలత పెట్టి చతురస్రంగా తవ్వినట్లుంది. నీరు నేలలోకి ఇంకిపోకుండా అడుగున బంకమట్టి దట్టించారు. గుడి కట్టేటప్పుడు మనం తిట్టుకొన్న ఆ బంకమట్టే ఇక్కడ ఊరి బావులను కాపాడుతోంది.

ఇటువంటి కుంటలు ఈ దేశపు పల్లెల్లో వేలకొద్దీ ఉన్నాయి. వీటి లోతు ఎక్కువ ఉండదు, వెలుతురు, గాలి అందాలి కనుక. మురుగులోని పదార్థాలను కంటికి కనిపించని సూక్ష్మజీవులు తింటాయి. తినడానికి వాటికి ప్రాణవాయువు కావాలి. పైపొరలో పెరిగే ఆకుపచ్చని నాచు పగటిపూట ఎండను తీసుకొని ఆ ప్రాణవాయువును ఇస్తుంది. సూక్ష్మజీవులు విడిచే బొగ్గుపులుసు వాయువు మళ్ళీ నాచుకు ఆహారం. అడుగున, గాలి అందని చోట, వేరొక జాతి జీవులు మడ్డిని మెల్లగా కుళ్ళబెడతాయి. ఇలా ఒక కుంటనుండి మరొక కుంటకు పోతూ నీరు నెలల తరబడి నిలుస్తుంది. మనం పెరట్లో పాచి పట్టిందని గోకి పారేసేది ఇక్కడ ఊరంతటి ఊపిరి.

చలికాలంలో ఈ పని దాదాపు ఆగిపోతుంది. కుంటపై మంచు గడ్డ కడుతుంది. దానిపై మళ్ళీ మంచు కురిస్తే వెలుతురు లోపలికి పోదు. నాచు ఊరుకుంటుంది, ప్రాణవాయువు తరుగుతుంది. వచ్చిన మురుగు వచ్చినట్లే పేరుకొంటుంది. అందుకే మన వంటి చలిప్రాంతాలలో చలికాలమంతా నీటిని కుంటలోనే పట్టి ఉంచి, మంచు కరిగి, కుంట మళ్ళీ పచ్చబడి, పరీక్షలో నెగ్గిన తరువాతనే వాగులోకి వదులుతారు. మంచు కరిగే నాళ్ళలో ఊరిలో ఒక దుర్వాసన వస్తుంది. అది ఎరువు వేసిన పొలాలదని మేము ఇన్నేళ్ళూ అనుకున్నాము. "ఈసారి మరికొన్ని రోజులు ఎక్కువ ఉంటుందేమో" అన్నారాయన, ఎవరినీ చూడకుండా.

ఆ పరీక్షను గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మా వివాదమంతా దాని చుట్టూనే తిరిగింది. నీటి నమూనాను సీసాలో మూసి, చీకటిలో, 20 డిగ్రీల వేడిమిలో 5 రోజులు ఉంచుతారు. ఆ 5 రోజులలో సూక్ష్మజీవులు ఎంత ప్రాణవాయువును వాడుకున్నాయో కొలుస్తారు. దానిని బి.ఓ.డి. అంటారు. బ్రిటనులో మురుగును గురించి నియమించిన రాయల్ కమిషను 1912లో ఇచ్చిన నివేదికతో ఈ కొలత స్థిరపడింది. నీటిలోని మాలిన్యాన్ని, అది చేపల నోటినుండి లాగుకొనే ఊపిరితో కొలవడమన్నమాట. అమెరికాలో 1972నాటి పరిశుద్ధ జల చట్టం ప్రకారం, అనుమతిపత్రం లేకుండా ఏ ఊరూ తన గొట్టాన్ని వాగులోకి తెరవకూడదు. వదిలే నీటి బి.ఓ.డి. నెలసరి సగటున లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదన్నది సాధారణ నియమం. కుంటలకు 45 వరకు సడలింపు ఇస్తారు. ఇళ్ళనుండి వచ్చే మామూలు మురుగులో ఇది 200 చిల్లర ఉంటుంది.

పాలలో ఎంత ఉంటుందని మాలో ఒకరు అడిగారు. "సుమారు లక్ష" అన్నారాయన.

మేము ఆయన చెప్పినది తప్పుగా విన్నామనుకొన్నాము. ఆయన గది గోడ మీది బోర్డుపై లెక్క వేసి చూపించారు. ఒక గ్యాలను పాలు కుంటకు మోపే భారం ఇంచుమించు ఐదుగురు మనుషులు ఒక రోజులో మోపే భారానికి సమానం. మేము పోసిన నూరు గ్యాలన్లు ఐదు వందలమందితో సమానం. ఒక్క రాత్రిలో ఊరి జనాభా సగానికి పైగా పెరిగిందన్నమాట. అదీ కుంట ఊపిరాడక మంచు కింద ఉన్న సమయంలో. న్యాయంగా మరొక మాట కూడా చెప్పారు. ఒక్క రాత్రిని కుంట ఎలాగో తట్టుకొంటుంది. అసలు బాధ ప్రతి సోమవారం, ప్రతి శుక్రవారం పోసే పాలతోనూ, ప్రతి ఆదివారం వంటశాలనుండి వచ్చే నెయ్యి, నూనెతోనూ అని.

తరువాత మన గుడిలో జరిగిన సభకు ఆయనను రమ్మన్నాము. ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆయన బూట్లు విప్పి, చేతులు కడుక్కొని, ఉతికిన చొక్కాతో లోపలికి వచ్చారు. మేము వేసిన కుర్చీ మాత్రం వెనుక తలుపు పక్కన ఉంది. అక్కడ వేయమని ఎవరూ చెప్పలేదు. వేసినవారికి తాము ఏం చేస్తున్నారో తెలిసి ఉండదు కూడా. ఊరి మేయరు ఎప్పుడు వచ్చినా కుర్చీ వేదిక పక్కన వేస్తాము.

మాలో యాభై దాటినవారికి ఆ కుర్చీ ఎక్కడినుండి వచ్చిందో తెలుసు. మన ఊళ్ళలో దొడ్డిదారిన తెల్లవారకముందే ఒక ఆమె బుట్ట, చీపురు తీసుకొని వచ్చేది. ఇంటి ముందు వైపు రాకూడదు. పండుగనాడు మిగిలిన అన్నం దూరంనుండి వేసేవారు. ఆ రాత్రి మేము ఎంత గుర్తు తెచ్చుకున్నా, మాలో ఒక్కరికీ తమ ఇంటికి వచ్చిన ఆ మనిషి పేరు తెలియలేదు. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ భారతదేశంలో 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం వచ్చాయి. ఆ చట్టాలు కాగితం దిగి రావడానికి పోరాడుతున్నవారిలో ముఖ్యులు బెజవాడ విల్సన్ గారు. కోలారు బంగారు గనుల పట్టణంలో ఇదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టి, సఫాయి కర్మచారీ ఆందోళన్ సంస్థను నడిపి, 2016లో రామన్ మెగసెసే పురస్కారం పొందారు. తెలుగు ప్రముఖులంటూ మన బాలవిహార్ గోడపై పెట్టిన పటాలలో ఆయన పటం అప్పటికి లేదు. ఇప్పుడుంది.

సభ సాఫీగా జరగలేదు. ఆపరేటరుగారు తన లెక్కలు చెప్పి, "నీటికి పాలు, మురుగు అనే తేడా తెలియదు, దానికి రెండూ తిండే" అన్నారు. తెలుగులో చెప్పగానే హాలు గుప్పుమంది. గుడికి మొదటి చెక్కు వ్రాసిన పెద్దాయన లేచి నిలబడ్డారు. "శివుడు అభిషేకప్రియుడు. ఎవరి కుంట కోసమో నా స్వామికి పాలు కొలిచి పోయమంటారా?" అని అడిగారు. ఆయనను తేలికగా తీసివేయడానికి వీలులేదు. వారి ఇంట ఒకే గేదె ఉండేదట. పాలు అమ్మితేనే పూట గడిచేది. అయినా వారి అమ్మగారు మొదటి పాలు గుడికి పంపనిదే కేంద్రానికి పోయించేవారు కాదట. చెబుతూ చెబుతూ ఆయన గొంతు పూడుకుపోయింది.

వంటశాలలో మాతోపాటు పనిచేసే ఒకావిడ మెల్లగా అడిగారు: "అమ్మగారు ఎంత పంపేవారండీ, బాబాయిగారూ?"

"ఉగ్గుగిన్నెడు" అన్నారాయన. కాసేపు ఆగి, "అప్పుడు అంతే ఉంది కనుక అంత. ఇప్పుడు స్వామి గ్యాలన్లు ఇచ్చాడు కనుక గ్యాలన్లు" అన్నారు. ఆ మాటకు మా దగ్గర సమాధానం లేదు.

అప్పుడు మన అర్చకస్వామి సోమసూత్రం ప్రస్తావన తెచ్చారు. పిల్లల కోసం వివరిస్తాము: శివలింగాన్ని అభిషేకించిన నీరు పానవట్టం మీదినుండి ఉత్తరంగా ఒక తూములోనుండి బయటికి పోతుంది. అదే సోమసూత్రం. శివుడికి ప్రదక్షిణం చేసేవారు దానిని దాటరు. అక్కడి వరకు వెళ్ళి వెనక్కు తిరుగుతారు. మన దేశంలో ఎన్నో పాత శివాలయాలలో గర్భగుడి ఉత్తరపు గోడకు ఆ తూము, దాని కింద నీరు పట్టే రాతితొట్టి కనిపిస్తాయి. "ఆ నీటిని కాలితో దాటకూడదని మీ పిల్లలకు నేర్పాను. ఇక్కడ మాత్రం దానిని బాత్‌రూము గొట్టంలో కలిపాము. కలిపినది ఈ ఊరివారు కాదు, మనమే. కట్టేటప్పుడు నేనూ చూశాను, నేనూ మాట్లాడలేదు" అన్నారు. ఆయన ఎవరినీ ఒప్పించాలని చెప్పినట్లు లేదు. తన తప్పు తాను చెప్పుకొని కూర్చున్నారు.

నిర్ణయం ఏకగ్రీవం కాదు. ఓట్లు వేశాము. ఒక్కొక్క ఇంటినుండి ఉగ్గుగిన్నెడు పాలు తీసుకోవాలని, మూత తీయని గ్యాలన్లను జిల్లాలోని ఉచిత ఆహార కేంద్రానికి పంపాలని తేలింది. ఇప్పుడు శివరాత్రికి మొత్తం నాలుగు గ్యాలన్లు దాటవు. అభిషేకించినదానిని స్టీలు బిందెలో పట్టి తీర్థంగా పంచుతాము. పంచగా మిగిలిన కొద్దిపాటి కుంటకే పోతుంది. అంత మాత్రం భరిస్తుందని ఆపరేటరుగారే చెప్పారు. కొన్ని కుటుంబాలు దీనికి నొచ్చుకొని నగరంలోని మరొక గుడికి మారాయి. వారిలో ఇద్దరు మాకు దగ్గరి స్నేహితులు.

వంటశాల విషయం మాకు తేలికనిపించింది కాని, రోజూ కష్టపెట్టేది అదే. గంగాళాన్ని నీటితో తాకకముందే కాగితంతో అంటు తుడవాలి. వేయించిన నూనెను డబ్బాలో పోసి మూత పెట్టాలి. తొట్టి కింద గ్రీజు ట్రాపు పెట్టించాము. అందులో నీరు నెమ్మదించి, నెయ్యి పైకి తేలి నిలుస్తుంది. కింది నీరు మాత్రమే గొట్టంలోకి పోతుంది. తేలినదానిని ఎవరో ఒకరు గరిటెతో తీయాలి. ఆ వాసనను వర్ణించము. మొదట డబ్బిచ్చి బయటివారిచేత చేయిద్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఆ రాత్రి గుర్తు చేసుకున్న దొడ్డిదారి మళ్ళీ గుర్తుకు వచ్చి, వంతులు వేసుకున్నాము.

ఏప్రిలు చివర, మంచు కరిగిన తరువాత, బాలవిహార్ పిల్లలను కుంటల దగ్గరకు తీసుకొనివెళ్ళాము. మూడవ కుంట మీద బాతులు తిరుగుతున్నాయి. నీరు పచ్చగా, మన కోనేటి నీరులా ఉంది. ఆపరేటరుగారు ఒక సీసాలో నమూనా ముంచి, ఎండకెత్తి చూపించారు. మొదట ప్రశ్న అడిగిన పాప ఇప్పుడు కొంచెం పొడవు పెరిగింది. సీసాను చూసి, "ఇది వాగులోకి పోయాక ఎక్కడికి పోతుంది?" అని అడిగింది. ఈసారి సమాధానం ఆయనకు తెలుసు. వాగు ఏ నదిలో కలుస్తుందో, ఆ నది ఒడ్డున ఏ ఊరు ఆ నీటిని మళ్ళీ తాగుతుందో వరుసగా చెప్పారు. తిరిగి వస్తూ దారిలో ఆ వృద్ధురాలి ఇంటి ముందు ఆగి పొంగలి ఇచ్చాము. పిల్లల పేర్లు అడిగారు. ఉత్తరాల మాట ఆమె ఎత్తలేదు, మేమూ ఎత్తలేకపోయాము.

గ్రీజు ట్రాపు వంతుల పట్టిక వంటశాల గోడకు అంటించి ఉంటుంది. పేరు వ్రాయడం ఎవరి ఇష్టం వారిది. సభలో వ్యతిరేకంగా ఓటు వేసిన పెద్దాయన ఇప్పటికీ ఉగ్గుగిన్నె నిర్ణయం తప్పేనంటారు. శివరాత్రికి గ్యాలనుతోనే వస్తారు, ఆహార కేంద్రం పెట్టెలో అయిష్టంగా పెడతారు. ఈ నెల పట్టికలో మూడవ శనివారం ఎదుట ఆయన చేతివ్రాత ఉంది. ఆయనకు మోకాళ్ళ నొప్పులు కనుక, కింద కూర్చొని మూత ఎత్తడానికి తోడుగా ఇంకొకరు కావాలి. ఆ గడి ఖాళీగా ఉంది.